అద్దె బూట్ల గది

ఆ గదిలో మొదటిసారి అడుగు పెట్టినప్పుడు దైవాశీర్వాదం ముక్కు మూసుకున్నాడు. గోడల పొడవునా చెక్క అరలు, అరల్లో వరసగా పన్నెండు వందల జతల స్కీ బూట్లు. పైకి చూస్తే గట్టి ప్లాస్టిక్కు, రంగురంగులుగా మెరుస్తూనే ఉన్నాయి. లోపలి మెత్తల సంగతే వేరు. ఊరూ పేరూ తెలియని వేలమంది చెమటని ఏళ్ల తరబడి తాగి, ఎప్పుడూ పూర్తిగా ఆరక, పులిసిన పిండీ తడిసిన కుక్కా కలిసినట్టు ఒక కంపు కొట్టేవి. తిరిగొచ్చిన ప్రతి బూటులోనూ చెయ్యి పెట్టి తడిమి చూడాలి. ఒకదాంట్లో పుండు మీంచి ఊడిన పట్టీ అంటుకుని ఉండేది. ఒకదాంట్లో ఎవడో తాగి పారబోసిన బీరు. పిల్లల బూట్లలో ఒకటికి రెండుసార్లు ఉచ్చ. అవన్నీ తుడిచి, మందు చల్లి, వేడిగాలి గొట్టాల మీద బోర్లించి, తెల్లారి మళ్లీ కొత్తవాళ్ల కాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని తొడగాలి. ఉద్యోగం అదీ.

అది 1982 డిసెంబరు. పెన్సిల్వేనియాలో, పోకనోస్ కొండల్లో ఒక మోస్తరు స్కీ రిసార్టు. అంతకుముందు తొమ్మిదేళ్లు దైవాశీర్వాదం ఈస్టన్‌లో వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. తెల్లచొక్కా, టై, చెవి మీద పెన్సిలు. ఆగస్టులో ఫ్యాక్టరీ మూసేశారు. ఆ చుట్టుపక్కల ఎక్కడికి వెళ్లినా వాళ్లూ మనుషుల్ని తీసేస్తున్నారే తప్ప తీసుకోవడం లేదు. భార్య నవోమి హాస్పిటల్లో నర్సు కాబట్టి ఇల్లు గడిచిపోతోంది. కానీ నలభై రెండేళ్ల మగవాడు పొద్దస్తమానం ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుంటే ఎలా ఉంటుంది? పేపర్లో ప్రకటన చూసి వెళ్లాడు. చలికాలం నాలుగు నెలలేగా అనుకున్నాడు.

అతనికి ఆ పని అంత రోత పుట్టించడానికి కంపు ఒక్కటే కారణం కాదు. రేపల్లె దగ్గర వాళ్ల ఊళ్లో తాత తోళ్లు ఊనేవాడు. ఇంటి వెనక లంద గొయ్యి, అందులో సున్నం నీళ్లు, తంగేడు చెక్క, నానుతున్న తోళ్లు. ఊళ్లో ఆసాముల చెప్పులన్నీ ఆయన చేతి కుట్టే. ఆయన కొడుకు అబ్రహాం మిషన్ బోర్డింగులో చదువుకుని, లూథరన్ బడిలో పంతులయ్యాడు. ఉద్యోగం వచ్చిన రోజున లంద పూడ్పించి, దాని మీద బంతిమొక్కలు వేయించాడు. "నా పిల్లల చెయ్యి ఇంకొకడి చెప్పుకి అంటకూడదు" అన్నాడు. ఆ పిల్లల్లో పెద్దవాడు దైవాశీర్వాదం. ఏడు సముద్రాలు దాటొచ్చి, రోజుకి మూడొందలమంది పాదాల దగ్గర మోకరిల్లుతున్నాడు.

ఇంటికొచ్చి గ్యారేజీలోనే బట్టలు విప్పేసేవాడు. గోళ్లలో బ్రష్షు పెట్టి తోముకునేవాడు. అన్నం కలుపుకునేటప్పుడు చెయ్యి ముక్కు దాకా వచ్చి ఆగిపోయేది.

"నేను రోజూ రోగుల బెడ్‌పాన్లు ఎత్తుతున్నానండీ. నా చేత్తో అన్నం తినడం లేదూ?" అనేది నవోమి.

"నీది వైద్యం."

"మీరు చేసేదేం తక్కువ? జారేవాళ్ల కాళ్లు విరక్కుండా చూడటం."

ఆ మాటలో నిజముంది. స్కీకి బైండింగ్ అని ఒకటి ఉంటుంది, బూటుని స్కీకి పట్టి ఉంచే కొక్కెం. మనిషి పడ్డప్పుడు అది ఊడాలి. ఊడకపోతే ఆ పొడుగాటి బద్దతోపాటు కాలూ మెలితిరుగుతుంది. మనిషి బరువూ పొడుగూ చూసి, ఎంత నేర్పరో అడిగి, ఆ లెక్కన స్క్రూ తిప్పాలి. కొత్తవాడికి వదులుగా, వేగంగా దిగేవాడికి బిగుతుగా. కాగితం మీద మూడు గడులు ఉండేవి. నేర్చుకుంటున్నవాడు మొదటి గడిలో, మధ్యరకం రెండో గడిలో, ఆరితేరినవాడు మూడో గడిలో టిక్కు పెట్టి సంతకం చేయాలి. ఆ గదికి పెద్ద ఆర్నీ అనే ముసలాయన. మొదటి రోజే చెప్పాడు: "కాగితం అబద్ధమాడుతుంది. మొహం చూడు. అనుమానం వస్తే మళ్లీ అడుగు." దైవాశీర్వాదం ఎవరినైనా రెండుసార్లు అడిగేవాడు. పని ఎంత అసహ్యమైనా చేసేదేదో సరిగ్గా చేయడం అతనికి తండ్రి నుంచి వచ్చిన గుణం.

తెలుగువాళ్లెవరికీ ఈ సంగతి చెప్పలేదు. నెలకోసారి ఎడిసన్ వెళ్లేవాళ్లు. అక్కడ ఒక చర్చి నేలమాళిగలో తెలుగు ఆరాధన జరిగేది. ఎవరైనా అడిగితే "ఒక రిసార్టులో చేస్తున్నాను" అనేవాడు. వినేవాళ్లు మేనేజరనుకుంటే దిద్దేవాడు కాదు.

1983 దీపావళికి ఎడిసన్‌లోనే జగన్మోహన్ గారనే ఆయన ఇంట్లో తెలుగువాళ్లందరికీ భోజనాలు పెట్టారు. ఆయన మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగి. అసోసియేషన్‌లో ఆయన మాటే మాట. ఆ ఆగస్టులో భార్య రాధారాణితో సిడ్నీలో ఉన్న బావమరిది దగ్గరికి వెళ్లొచ్చాడు. మనకి ఎండాకాలమైతే వాళ్లకి చలికాలం కదా, అక్కడి మంచుకొండల్లో స్కీ రిసార్టుకి కూడా వెళ్లారట. భోజనాలయ్యాక గోడకి దుప్పటి కట్టి, ప్రొజెక్టర్‌తో స్లైడ్లు వేశాడు.

"ఆస్ట్రేలియాలో మంచేమిటంటారు గానీ, ఆ కొండ చూడండి. వాళ్ల ఇన్‌స్ట్రక్టరే ఆశ్చర్యపోయాడు. మిస్టర్ మోహన్, మొదటిసారేనా మీరు అని. మర్నాటికల్లా కొండ నెత్తి మీంచి సర్రున దిగిపోయాను."

దుప్పటి మీద జగన్మోహన్ ఎర్ర జాకెట్టు తొడుక్కుని, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అందరూ "అబ్బో" అన్నారు. దైవాశీర్వాదం కళ్లు అలవాటు కొద్దీ కాళ్ల మీదకి పోయాయి. బూట్ల బిగింపు కొక్కాలు బయటివైపు ఉండాలి. ఈయనకి లోపలివైపున్నాయి. అంటే ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకాలికి తొడిగాడు. అలా తొడిగినవాడు కొండ దిగడం కాదు, పది గజాలు నడవలేడు. ఫోటో కోసం వేసుకుని, ఫోటో అవగానే విప్పేసినవాడి బూట్లవి. దైవాశీర్వాదం లోలోపల నవ్వుకుని ఊరుకున్నాడు.

ఆ తర్వాతే జగన్మోహన్ అతని పక్కకి వచ్చి కూర్చుని, మామూలుగా అడిగినట్టే అడిగాడు. "మీదే ఊరండీ? రేపల్లె దగ్గరా? నాన్నగారేం చేసేవారు? పంతులా, సంతోషం. తాతగారో?"

ఇలా అడిగేవాళ్లు ఎక్కడ తవ్వుతున్నారో అతనికి తెలుసు. అబద్ధం నోటి దాకా వచ్చింది. తండ్రి గుర్తొచ్చి ఆగింది.

"తోళ్ల పని."

"ఓహో" అన్నాడు జగన్మోహన్. అన్నవాడు కొంచెం పక్కకి జరిగి, తర్వాతి స్లైడు వేయమన్నాడు.

1984 ఫిబ్రవరిలో సోమవారం సెలవు కలిసొచ్చిన వారాంతం. అతనికి ఆ పనిలో అది రెండో చలికాలం. అద్దె గదిలో ఇసకేస్తే రాలనంత జనం. ఆ జనంలోంచి తెలుగు మాటలు వినపడ్డాయి. ఎడిసన్ నుంచి నాలుగు కుటుంబాలు, వ్యాన్లు వేసుకుని వచ్చారు. అందరికంటే ముందు జగన్మోహన్, పక్కన రాధారాణి, వెనక మిగతావాళ్లు. దైవాశీర్వాదం అప్పుడు ఒక లావుపాటి తెల్లాయన మడమని బూటులోకి నెడుతున్నాడు. తలెత్తేసరికి ఎదురుగా వాళ్లు.

పారిపోవడానికి వెనక తలుపుంది. అయినా కదల్లేదు. "నమస్కారమండీ" అన్నాడు, మోకాళ్ల మీద ఉండే.

జగన్మోహన్ గోడల మీది బూట్లూ, అతని చేతిలోని తడిగుడ్డా చూశాడు. మెల్లగా మొహం విప్పారింది. భార్య వైపు తిరిగి, గదిలో తెలుగొచ్చిన ప్రతివాడికీ వినపడేలా అన్నాడు.

"చూశావా రాధా! దేశం మారినా తాతగారి చెయ్యి ఊరుకోలేదు. చెప్పుల దగ్గరికే వచ్చి చేరింది."

వెనక ఇద్దరు నవ్వారు. ఒకరు దగ్గినట్టు నటించారు. రాధారాణి నేల చూపులు చూసింది.

ఆ గదిలో ఇన్నాళ్లూ ముక్కుకి తగిలిన కంపంతా ఒక్కసారిగా ఆ మనిషి నోట్లోంచి వచ్చినట్టనిపించింది దైవాశీర్వాదానికి. చెమట కంపు కడిగితే పోతుంది. ఇది ఏ నీళ్లతో పోతుంది? బల్ల మీంచి కాగితం తీసి ముందుకి జరిపాడు. జగన్మోహన్ బరువు రాశాడు, పొడుగు రాశాడు, గడుల దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకుండా మూడోదాంట్లో టిక్కు కొట్టాడు.

"ఆస్ట్రేలియా కొండలు దిగినవాణ్ణి. కాస్త మంచి జత ఇవ్వవయ్యా" అన్నాడు.

అడగాల్సిన క్షణం అదే. దుప్పటి మీద చూసిన బూట్లు కళ్లముందు ఆడుతున్నాయి. ఈ మనిషికి స్కీ కట్టుకోవడమే రాదని ఆ గదిలో అతనికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. "నిజం చెప్పండి, ఎన్నిసార్లు దిగారు?" అని ఒక్క మాట. రోజుకి మూడొందలసార్లు అడిగే మాట. అది నాలుక మీదకి వచ్చింది. దాన్ని మింగేశాడు.

పట్టికలో ఆరితేరినవాడికి ఏ అంకె ఉందో ఆ అంకెకే స్క్రూ తిప్పాడు. ఒక్క గీత ఎక్కువ తిప్పలేదు, ఒక్క గీత తక్కువా తిప్పలేదు. వంగి, బూట్లు తొడిగి, కొక్కాలు బిగించాడు. ఈసారి బయటివైపుకే. "సరిపోయాయా సార్?" అని అడిగాడు.

గంట కూడా కాలేదు. కొండ మీద గస్తీ తిరిగే పెట్రోల్ వాళ్ల రేడియో గరగరమంది. చిన్నపిల్లలు నేర్చుకునే చదును దగ్గరే, నిలబడ్డచోటే మెల్లగా ఒరిగి పడ్డాడట ఒకాయన. కుడి స్కీ మంచులో గుచ్చుకుంది. ఊడాల్సింది ఊడలేదు. ఒళ్లంతా ఒకవైపు తిరిగింది, కాలు ఇంకోవైపు ఉండిపోయింది.

ఫస్ట్ ఎయిడ్ గది బూట్ల గదికి పక్కనే. బూటు కొక్కెం ఒకటి ఇరుక్కుందని దైవాశీర్వాదాన్నే పిలిచారు. జగన్మోహన్ బల్ల మీద పడున్నాడు. మొహం పిండి కొట్టినట్టుంది. మోకాలి కింద కాలు ఉండాల్సిన తీరులో లేదు. గస్తీవాడు కాలు కదలకుండా పట్టుకున్నాడు. దైవాశీర్వాదం రెండు చేతులతో బూటు పెంకు విడదీసి, వెంట్రుకవాసి చొప్పున లాగడం మొదలుపెట్టాడు. జగన్మోహన్ గొంతులోంచి మనిషిది కానట్టు ఒక అరుపొచ్చింది. అరుపు వెంటే వాంతి. పొద్దున వ్యాన్‌లో తిన్న పులిహోర, ఆవాలూ కరివేపాకుతో సహా, దైవాశీర్వాదం చేతుల మీదా ఒళ్లోనూ పడింది.

చెయ్యి తీయడానికి లేదు, తీస్తే కాలు కదులుతుంది. వెచ్చగా చేతుల మీంచి కారుతుంటే అలాగే పట్టుకున్నాడు. జగన్మోహన్ అతని భుజం దొరకబుచ్చుకుని, "వదలకండి బాబూ, మీకు పుణ్యముంటుంది, వదలకండి" అంటున్నాడు. ఇందాక 'వయ్యా' అన్న నోరు ఇప్పుడు 'అండీ' అంటోంది. దైవాశీర్వాదానికి ఆ వాంతి మీద రోత కలగలేదు. తన మీద కలిగింది. ఈ కాలు ఇలా అవుతుందని ఈ గది మొత్తంలో ముందే తెలిసినవాడు తనొక్కడే.

పది రోజులకి ఎడిసన్ నుంచి సుమతి అనే ఆవిడ నవోమికి ఫోన్ చేసింది, చర్చిలో తెలిసినావిడే. "వదినా, ఇక్కడ ఏవేవో అనుకుంటున్నారు. మీ ఆయన కావాలనే బిగించి కాలు విరగ్గొట్టాడంట గదా?"

నవోమి ఫోన్ పెట్టేసి భర్త మొహంలోకి చూసింది.

"కాగితం మీద ఆయనే టిక్కు పెట్టాడు. సంతకం ఉంది" అన్నాడు.

"అది కాదు నేనడిగేది."

అతను ఆదివారం ఊళ్లో చర్చికి వెళ్లొచ్చాక ఒక్కడే కారు తీసుకుని ఎడిసన్ వెళ్లాడు.

జగన్మోహన్ సోఫాలో, తొడ దాకా సిమెంటు కట్టుతో ఉన్నాడు. రాధారాణి కాఫీ తెచ్చి పెట్టి లోపలికి వెళ్లింది. దైవాశీర్వాదం కప్పు ముట్టుకోకుండానే మొదలుపెట్టాడు.

"నేను బిగుతుగా తిప్పలేదండీ. మీరు పెట్టిన టిక్కుకి ఎంత ఉండాలో అంతే తిప్పాను. కానీ మీకు రాదని నాకు తెలుసు. దీపావళికి మీరు వేసిన ఫోటోలో బూట్లు ఎడమవి కుడికి ఉన్నాయి. తెలిసీ అడగలేదు. మీరన్న మాటకి కడుపు మండి అడగలేదు. అది నా తప్పు. చెప్పిపోదామని వచ్చాను."

జగన్మోహన్ కోప్పడతాడనుకున్నాడు, తిడతాడనుకున్నాడు. ఆయన అదేమీ చేయలేదు. లోపలి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ ఫోటో సంగతి ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదండీ."

"అనకు. అంతమందిలో చూపించాను, బావుండదు. నువ్వు ఆ మాట అనకు, నీ గురించి వీళ్లు అనుకునేది నేను ఆపిస్తాను. సరేనా? ఇద్దరికీ మంచిది."

ఆయన దిగులు ఇదా అనుకున్నాడు దైవాశీర్వాదం. కాలు విరిగిందన్న బాధ కాదు, విరగ్గొట్టాడన్న కోపం కాదు, కనీసం ఆ రోజు అన్న మాటకి సిగ్గూ కాదు. ఒక ఫోటో! లోపల్నుంచి రాధారాణి గొంతు వినపడింది.

"మంచు మీద పావుగంట నిలబడి, తక్కిన రోజంతా టీ తాగుతూ కూర్చున్నాం ఆస్ట్రేలియాలో. ఆ ముక్క ఆ బూట్ల గదిలో నేనన్నా చెప్పాల్సింది."

"నువ్వు ఊరుకో" అని అరిచాడు జగన్మోహన్.

దైవాశీర్వాదం లేచి వచ్చేశాడు. కారెక్కి, వీధి చివర ఆపి, అద్దం దించి కాలవలోకి ఉమ్మేశాడు.

ఆ నెల ఆరాధనలో, అందరి ముందూ తమ సంగతులు చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు నిలబడ్డాడు. దాచకుండా అంతా చెప్పాడు, ఆయన పేరూ ఫోటో సంగతీ తప్ప. ముగించేసరికి "హల్లెలూయ" అన్నారు అందరూ. ఒక పెద్దమనిషి భుజం తట్టి, "ప్రభువు క్షమించేశాడు బ్రదర్, ఇంకా మోయడం దేనికి? పదండి, బిర్యానీ చల్లారిపోతోంది" అన్నాడు. సుమతి వడ్డిస్తూ అతనికి రెండు ముక్కలు ఎక్కువే వేసింది.

తిరుగు దారిలో ఫిలిప్స్‌బర్గ్ వంతెన దగ్గరికి వచ్చాక అన్నాడు.

"అంత తేలిగ్గా క్షమించేస్తే కూడా రోతగానే ఉంది నవోమీ. ఒక్కళ్లయినా తిట్టలేదు."

"నేను తిట్టనా?"

"తిట్టు."

నవోమి సీట్లో అతని వైపుకి తిరిగి కూర్చుంది. "మీరు చేసింది తప్పు. ఆయన నోరు పాడుదే. నేను ఆ గదిలో ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. కానీ ఆ కాలేం చేసిందండీ మిమ్మల్ని? విరిగిన ఎముకలు నేను చూస్తాను రోజూ. అది మంచివాడి ఎముకా చెడ్డవాడి ఎముకా అని ఎక్స్‌రేలో కనపడదు. ఆయన మిమ్మల్ని నోటితో తిట్టాడు. మీరూ నోటితో తిట్టాల్సింది. స్క్రూ చేతిలో పెట్టుకుని నోరు మూసుకున్నారు, ఛీ!"

అతను స్టీరింగ్ పట్టుకుని తలూపాడు. ఇల్లు చేరేదాకా ఆమె ఆపలేదు. ఆ రాత్రే చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

సోమవారం ఆర్నీకి చెప్పాడు. ముసలాయన నోట్లోంచి పైపు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ వారం కౌంటర్ దగ్గర్నుంచి తీసేసి, బూట్లు కడిగే పనికి పంపాడు. ఇంకోసారి జరిగితే ఇంటికే అన్నాడు. మరుసటి ఏడు మాత్రం కొత్తగా చేరినవాళ్లకి బైండింగులు నేర్పే పని ఇతనికే అప్పగించాడు. ఇతను వాళ్లకి స్క్రూ గురించి అయిదు నిమిషాలు చెప్పి, ఎలా అడగాలో రెండు గంటలు చెప్పేవాడు. మూడో గడిలో టిక్కు పెట్టిన ఒక లాయరు ఒకసారి "నేను అబద్ధమాడుతున్నానంటావా?" అని మీదికొచ్చాడు. "అవును సార్, అందరూ ఆడతారు" అన్నాడు దైవాశీర్వాదం శాంతంగా, స్క్రూ వదులు చేస్తూ.

జగన్మోహన్ అయిదు నెలలకి లేచి తిరిగాడు, కొంచెం కుంటుతూ. ఎడిసన్‌లో మాటలు ఆగాయో లేదో దైవాశీర్వాదం కనుక్కోలేదు. ఆ ఇంటి భోజనాలకి మళ్లీ వెళ్లలేదు. రాధారాణి ఒకసారి నవోమి పనిచేసే హాస్పిటల్‌కి ఫోన్ చేసి, చెప్పాల్సిన క్షమాపణ తనే చెప్పిందట.

నాలుగు నెలలేగా అనుకున్న పని ఆరు చలికాలాలు నడిచింది. చివర్లో స్నోబోర్డులొచ్చాయి. రెండు కాళ్లూ ఒకే పలక మీద అడ్డంగా కట్టుకుని పడుతూ లేస్తూ దిగేవాళ్లు కుర్రకారు. వాళ్ల బూట్లు మెత్తవి, నీళ్లు పీల్చేవి. వాటి కంపు ముందు పాతవి మల్లెపూలు. 1988లో ఆలెన్‌టౌన్‌లో ఒక మెషీన్ కంపెనీలో మళ్లీ డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం దొరికింది. ఆర్నీ వెళ్లొద్దని బతిమాలాడు.

కొత్త ఆఫీసులో వాళ్లకి ఇతను ఆరేళ్లు స్కీ రిసార్టులో చేశాడని తెలిసి, బాగా జారడం వచ్చుంటుందనుకునేవాళ్లు. ఒక్కసారి కూడా స్కీ ఎక్కలేదంటే నమ్మేవాళ్లు కాదు.

"ఆ బూట్లలోనా? నా కాలు పెట్టడమా?" అనేవాడు దైవాశీర్వాదం, మొహం చిట్లించి. "లోపల ఏముంటుందో నాకు తెలుసు."